పాత కారు ఎంఓటీ మొదటిసారికే పాసవ్వాలంటే: ఒక మోరిస్ మైనర్ ఓనర్ రాసిన పూర్తి గైడ్

నా దగ్గర 1967 మోడల్ మోరిస్ మైనర్ 1000 ఉంది, నాలుగు డోర్లది, బూడిద రంగు. ఇంగ్లండ్‌లో ఐటీ ఉద్యోగం చేసుకునేవాడికి ఈ పాత రేకు డబ్బా గోలేంటి అని మా ఆవిడతో సహా అందరూ అడిగారు. తెనాలిలో మా తాతయ్యకి అంబాసిడర్ ఉండేది, అంబాసిడర్ అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కి మన దేశంలో పెట్టిన పేరు, ఈ మైనర్ ఆ ఆక్స్‌ఫర్డ్‌కి తమ్ముడి వరస, బానెట్ ఎత్తితే అదే వాసన వస్తుంది, అంతకంటే కారణం నా దగ్గర లేదు. అన్నట్టు తొలినాళ్ళ మైనర్‌ని హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు మన దగ్గర కూడా బేబీ హిందుస్థాన్ అని అమ్మారు.

ఏడేళ్ళుగా ప్రతి ఏడాదీ దీన్ని ఎంఓటీకి తీసుకెళ్తున్నా. మొదటి రెండుసార్లు ఫెయిల్, ఆ తర్వాత ఐదుసార్లు వరసగా మొదటి టెస్టులోనే పాస్. మధ్యలో బండేం కొత్తదైపోలేదు, నేను దాన్ని చూసుకునే పద్ధతి మారిందంతే. ఆ పద్ధతే ఇక్కడ మొత్తం రాస్తున్నా, మీ దగ్గర మినీ ఉన్నా ఎంజీబీ ఉన్నా ట్రయంఫ్ ఉన్నా ముప్పాతిక వంతు ఇదే పనికొస్తుంది.

ఎంఓటీ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే మన దగ్గర లారీలకి ఎఫ్‌సీ చేయించినట్టు ఇక్కడ మూడేళ్ళు నిండిన ప్రతి కారుకీ ఏడాదికోసారి చేయించే పరీక్ష. మనకి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఉన్నట్టు ఇక్కడ లైసెన్సున్న టెస్టర్ ఉంటాడు, కాకపోతే ఆయన పనిచేసేది ఎక్కువగా ప్రైవేటు గ్యారేజీలో. 1960లో మొదలైంది, అప్పట్లో పదేళ్ళు దాటిన బండ్లకే, బ్రేకులు లైట్లు స్టీరింగ్ చూసి పంపేసేవాళ్ళు, టైర్లు చూడటం కూడా 1968లో గానీ మొదలవలేదు. మా మైనర్ కొత్తగా రోడ్డెక్కిన 1967లోనే పదేళ్ళ నుంచి మెల్లగా దిగుతూ వచ్చిన ఈ లెక్క మూడేళ్ళకి చేరింది.

అసలు మీ బండికి ఎంఓటీ అక్కర్లేదేమో, అయినా చేయించండి

2018 మే 20 నుంచి గ్రేట్ బ్రిటన్‌లో నలభై ఏళ్ళు దాటిన బండికి, పెద్ద మార్పులేవీ చేయకపోతే, ఎంఓటీ తప్పనిసరి కాదు. పెద్ద మార్పులంటే గత 30 ఏళ్ళలో చాసీ గానీ బాడీ షెల్ గానీ ఒరిజినల్ తీరుది కానిది వేయడం, సస్పెన్షన్ స్టీరింగ్ పద్ధతి మార్చడం, వేరే జాతి ఇంజన్ దించడం లాంటివి. అదే కుటుంబంలో సీసీ ఎక్కువున్న ఇంజన్ వేస్తే పర్లేదు, అంటే మైనర్‌లో 1098 తీసి 1275 ఏ-సిరీస్ పెట్టుకుంటే గొడవ లేదు, అదే జపాన్ ఇంజన్ దించితే మళ్ళీ ఎంఓటీ లైన్లో నిలబడాల్సిందే. రోడ్ ట్యాక్స్ సున్నా అయినా ప్రతి ఏడాదీ ట్యాక్స్ చేయాలి, అప్పుడే ఎంఓటీ మినహాయింపు ఉందని డిక్లేర్ చేయాలి, పోస్టాఫీసులో చేస్తే వి112 ఫారం నింపి ఇవ్వాలి. లండన్‌లో ఉండే మనవాళ్ళకి ఇంకో మాట, హిస్టారిక్ క్లాసులో, అంటే పాత బండ్ల ట్యాక్స్ వర్గంలో ఉన్న బండికి యూలెజ్ చార్జీ, అదే పొగ ఎక్కువ వదిలే బండ్లకి లండన్‌లో వేసే రుసుము, కూడా లేదు.

మరి అక్కర్లేనప్పుడు ఎందుకు చేయించడం అంటే, మినహాయింపు కాగితానికే, బండి కండిషన్‌లో ఉండాలన్న చట్టానికి కాదు. రోడ్డు మీద బ్రేక్ పట్టక ఎవరినైనా గుద్దితే ఎంఓటీ అక్కర్లేదు సార్ అంటే పోలీసులు వినరు, ఇన్సూరెన్స్ వాళ్ళు అసలే వినరు. పైగా 54.85 పౌండ్లు మించకుండా, ఎంఓటీకి కారుకి తీసుకోగలిగిన గరిష్ఠ ఫీజు అంతే, మన బండిని రోజూ పది బండ్లు చూసే మనిషి లిఫ్ట్ మీదకెక్కించి కింద నుంచి టార్చి వేసి చూస్తాడు. మన ఇంటి ముందు జాకీ పెట్టి బోర్లా పడుకుని చూసుకునే దానికీ దీనికీ పోలికే లేదు.

2012లో 1960కి ముందు బండ్లకి మొదటిసారి మినహాయింపు ఇచ్చినప్పుడు ఇక్కడి రవాణా శాఖ ఒక లెక్క చెప్పింది. 2009లో ఆ పాత బండ్లు మొదటి టెస్టులో ఫెయిలయ్యింది పది శాతం లోపే, తర్వాతి కాలం బండ్లేమో ముప్పై శాతం పైన. అది చూసి పాతకాలం ఇనుము గట్టిది అని మురిసిపోకండి, అదే లెక్కలో ఆ బండ్లలో మూడింట రెండు వంతులు ఏడాదికి 500 మైళ్ళు కూడా తిరగవని ఉంది. అంటే బండి తిరగదు, ఓనరేమో చాదస్తుడు, ఆదివారమంతా బండి కిందే ఉంటాడు, అందుకే పాసవుతుంది. చాదస్తం లేకుండా తిప్పకుండా షెడ్డులో పెట్టేసిన బండి మాత్రం ఖచ్చితంగా ఫెయిలవుతుంది, నాది అలాగే అయింది, పాత కారు తిరిగి పాడయ్యేదానికంటే నిలబడి పాడయ్యేది ఎక్కువ.

మొదటి పని: బండి జాతకం తీయండి

గవర్నమెంట్ సైట్‌లో ఎంఓటీ హిస్టరీ అని ఉంటుంది, నంబర్ ప్లేట్ నంబర్ కొడితే చాలు, ఫ్రీ. పాత టెస్టులు, మైలేజీ, ఎందుకు ఫెయిలైంది, ఏం అడ్వైజరీ రాశారు అన్నీ వస్తాయి. అందరూ ఫెయిల్ అన్న మాటే చూస్తారు, మీరు అడ్వైజరీలు చదవండి. అడ్వైజరీ అంటే "ఇప్పటికి పాస్ చేస్తున్నా, కానీ దీని మీద కన్నేసి ఉంచు" అని. ఒకే అడ్వైజరీ మూడేళ్ళు వరసగా ఉందంటే ఓనర్ పట్టించుకోలేదని అర్థం, నాలుగో ఏడు అది ఫెయిల్ అవుతుంది. నేను బండి కొన్నప్పుడు ముందు ఎడమ కింగ్‌పిన్‌లో, అంటే స్టీరింగ్‌తో పాటు చక్రం తిరిగే పిన్నులో, కొంచెం ప్లే (లూజు) అని రెండేళ్ళు వరసగా రాసుంది, నేను చూసి కూడా కొంచెమేగా అనుకున్నా, మొదటి ఎంఓటీలో అదే ఫెయిల్. బండి కొనేవాళ్ళకి ఇంకొకటి, 2018 వరకు ప్రతి ఏడాదీ టెస్టు ఉండి ఆ తర్వాత ఒక్కటి కూడా లేకపోతే ధర మాట్లాడే ముందు ఒకసారి ఎంఓటీ చేయించి ఇమ్మనండి, అమ్మేవాడి మొహంలోనే సగం తెలిసిపోద్ది.

పాత గడువు అయిపోవడానికి ఒక నెల ముందు నుంచి, సరిగ్గా చెప్పాలంటే నెలకి ఒక్కరోజు తక్కువ, టెస్ట్ చేయించుకున్నా వచ్చే ఏడాది తేదీ మారదు. కాబట్టి ఆ నెలలో మొదటి వారానికే బుక్ చేయండి, ఫెయిలైనా బాగు చేసుకోవడానికి చేతిలో టైం ఉంటుంది.

టెస్టర్‌ని వెతుక్కోండి

ఇది ఎవరూ చెప్పరు గానీ సగం పని ఇక్కడే ఉంది. కొత్త కార్లే చూసిన కుర్ర టెస్టర్‌కి మైనర్ ఇస్తే చోక్ ఎక్కడుందో తెలియదు, 1967 బండికి ఏ రూలు వర్తిస్తుందో మాన్యువల్ చూసుకోవాలి. తల నెరిసిన టెస్టర్ ఉన్న చిన్న గ్యారేజీ పట్టుకోండి, దగ్గర్లో పాత కార్లున్న వాళ్ళని అడిగితే చెప్తారు. లేదంటే కొన్ని కౌన్సిళ్ళు తమ సొంత బండ్ల కోసం నడిపే ఎంఓటీ సెంటర్లలో బయటివాళ్ళకి కూడా చేస్తారు, అక్కడ రిపేర్లు చేయరు కాబట్టి లేని పని పుట్టించి డబ్బు గుంజుదాం అనే ఆలోచనే ఉండదు. నా మొదటి ఎంఓటీ ఒక గ్యారేజీలో చేయిస్తే ఫెయిల్ కాగితంతో పాటు రిపేర్ ఎస్టిమేట్ ఎంత స్పీడుగా ఇచ్చారంటే అది ముందే ప్రింట్ తీసి పెట్టారేమో అనిపించింది.

నెల ముందు: తుప్పు

మొత్తం గైడ్‌లో ఒక్కటే చదువుతా అనుకుంటే ఇది చదవండి. ఇంగ్లండ్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు కింద రేకులోకి దూరి తినేస్తుంది, మన తీరప్రాంతంలో సముద్రపు గాలి పట్టిన గేటు చూశారుగా, అలా. టెస్టర్ తుప్పు ఎక్కడ చూస్తాడంటే సీటు బెల్టు బిగించిన చోటు, సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకు భాగాలు బాడీకి కలిసే చోటు, వాటి చుట్టూ 30 సెంటీమీటర్ల లోపల. డోర్ కింద అంచున బొక్క పడితే చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది గానీ దానికి ఫెయిల్ చేయరు, సీటు బెల్టు బోల్టుకి జానెడు దూరంలో రూపాయి బిళ్ళంత బొక్క ఉంటే ఫెయిల్.

మైనర్ అయితే చూడాల్సిన చోట్లు ఇవీ: ముందు సీట్ల కింద అడ్డంగా పోయే క్రాస్‌మెంబర్, దాని రెండు చివర్లు, జాకీ పెట్టే పాయింట్లు, డోర్ల కింద ఉండే సిల్స్, చాసీ లెగ్గుల చివర్లు, వెనక లీఫ్ స్ప్రింగులు, అదే మన కమాన్ కట్టలు, బాడీకి తగిలించిన హ్యాంగర్లు. ట్రావెలర్ మోడల్ ఉన్నవాళ్ళకి ఇంకో తలనొప్పి, దాని వెనక భాగంలో కనపడే యాష్ చెక్క అందానికి పెట్టింది కాదు, బాడీ బరువు మోసేది అదే, చెక్క కుళ్ళితే తుప్పు పట్టినట్టే లెక్క.

ఎలా చూడాలంటే కార్పెట్ మొత్తం ఎత్తేయండి, సిగ్గుపడకండి. వైర్ బ్రష్‌తో మట్టి రాల్చండి. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా కొడుతూ పోండి. టెస్టర్ దగ్గర కూడా చిన్న సుత్తి లాంటి సాధనం ఉంటుంది, అతను పొడవడు, తట్టి వింటాడు. మంచి రేకు టంగుమంటుంది, లోపల తినేసిన రేకు పుచ్చకాయ తట్టినట్టు డబ్ డబ్ అంటుంది. నా బండిలో డ్రైవర్ వైపు క్రాస్‌మెంబర్ చివర టంగ్ టంగ్ అని వస్తూ వస్తూ ఒక్కచోట డబ్ మంది, గట్టిగా బొటనవేలితో నొక్కితే నల్ల రంగు పొర చిప్స్‌లా పగిలి లోపలికి పోయింది, దాని వెనక ఎవరో ఎప్పుడో కుక్కిన న్యూస్ పేపర్ ముక్కా దాని మీద పూసిన లప్పమూ బయటపడ్డాయి.

లప్పం, ఫైబర్, రివెట్లు, ఇవేవీ ఆ ప్రాంతాల్లో ఒప్పుకోరు. మంచి రేకు దాకా కోసి, కొత్త ముక్క పెట్టి, చుట్టూ తెగకుండా వెల్డింగ్ చేయాలి, చుక్కలు చుక్కలుగా పెట్టి వదిలేస్తే ఫెయిల్. వెల్డింగ్ మీద వెంటనే చిక్కటి నల్ల అండర్‌సీల్ పూసేయకండి, ఎఫ్‌సీ ముందు రోజు లారీకి రంగు కొట్టించినట్టు ఉంటుంది, టెస్టర్‌కి అనుమానం వస్తుంది. పల్చటి ప్రైమర్ వేసి టెస్ట్ అయ్యాక అండర్‌సీల్ వేసుకోండి. పని జరుగుతున్నప్పుడు ఫోటోలు తీసిపెట్టుకోండి, రేపు అమ్మేటప్పుడు పనికొస్తాయి.

ముందు చక్రాలు: ట్రనియన్ల కథ

మైనర్ డిజైన్ చేసింది అలెక్ ఇసిగోనిస్, తర్వాత మినీ చేసింది కూడా ఆయనే, 1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ షోలో వచ్చిన బండికి స్టీరింగ్ అంత చక్కగా ఉండటం చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. కానీ ముందు సస్పెన్షన్‌లో ఒక శాపం ఉంది. కింగ్‌పిన్‌కి పైనా కిందా మరలుంటాయి, అవి ట్రనియన్లు అనే ముక్కల్లో తిరుగుతాయి, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర మీదే బరువంతా. గ్రీజు లేకపోతే మర అరిగిపోయి ఒకరోజు పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఊడొస్తుంది, చక్రం మడతపడి బండి మోకాళ్ళ మీద కూర్చుంటుంది. స్పీడులో కాకుండా ఎక్కువగా మెల్లగా పోయేటప్పుడే ఊడటం ఒక్కటే అదృష్టం.

చూసే పద్ధతి: బండిని జాకీ మీద ఎత్తి యాక్సిల్ స్టాండు పెట్టండి, ఒట్టి జాకీని నమ్మి చేయి లోపల పెట్టొద్దు, ఇది మాత్రం మీ మీద ఒట్టు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, అంటే గడియారంలో 12, 6 దగ్గర. కదులుతుంటే ఇంట్లో ఎవరినైనా బ్రేక్ తొక్కమని మళ్ళీ ఊపండి. బ్రేక్ తొక్కినప్పుడు ఆ లూజు పోతే అది చక్రం బేరింగు, బ్రేక్ తొక్కినా అలాగే ఉంటే కింగ్‌పిన్నో ట్రనియనో. తర్వాత 9, 3 దగ్గర పట్టుకుని ఊపండి, అక్కడ టక్ మంటే ట్రాక్ రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్ జాయింటు. మా అబ్బాయి తొమ్మిదేళ్ళప్పటి నుంచి ఈ బ్రేక్ తొక్కే ఉద్యోగం చేస్తున్నాడు, జీతం ఐస్‌క్రీం.

గ్రీజు గన్ పట్టి ప్రతి నిపుల్‌కీ కొట్టండి, పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్త గ్రీజు కనపడే దాకా. నిపుల్ మూసుకుపోయి గ్రీజు పక్కనుంచి కారిపోతుంటే లోపలికి పోయినట్టు కాదు, కొత్త నిపుల్ వేయండి, టీ ధరకి వస్తుంది. ట్రయంఫ్ హెరాల్డ్, స్పిట్‌ఫైర్ వాళ్ళు మాత్రం గ్రీజు కాదు, గేర్ ఆయిల్ కొట్టాలి, వాళ్ళ హ్యాండ్‌బుక్‌లోనే ఉంది. నేను మూడు నెలలకోసారి కొడతా, తిరిగినా తిరగకపోయినా. డాంపర్లు, అంటే షాక్ అబ్జార్బర్లు, లివర్ ఆర్మ్ రకం, పక్కనుంచి ఆయిల్ కారుతుందేమో చూసి ఒక్కో మూల మీద గట్టిగా నొక్కి వదలండి, ఊయల ఊగినట్టు ఊగితే పని ఉంది.

బ్రేకులు: ఇక్కడే లెక్కలతో ఫెయిల్ చేస్తారు

మిగతావన్నీ టెస్టర్ కంటితో చూసేవి, బ్రేకులు మాత్రం రోలర్ల మీద నంబర్ వస్తుంది. ఈ వయసు బండికి కాలి బ్రేక్ 50 శాతం రావాలి, అంటే బండి బరువులో సగమంత బలం అన్ని చక్రాల దగ్గరా కలిపి రావాలి. హ్యాండ్ బ్రేక్‌కైతే, కాలి బ్రేకుకి రెండు సర్క్యూట్లు, అంటే ఫ్లూయిడ్‌కి రెండు వేర్వేరు దారులు, ఉంటే 16 శాతం చాలు, మైనర్ లాగా ఒకటే సర్క్యూట్ అయితే 25 శాతం. చాలామందికి ఈ తేడా తెలియదు. బండి 760 కిలోలు అనుకుంటే వెనక రెండు చక్రాలూ కలిపి 190 కిలోల బలంతో పట్టాలి. ఇంకా కుడి ఎడమలకి తేడా 30 శాతం మించితే ఫెయిల్.

నా రెండో ఫెయిల్ ఇదే, హ్యాండ్ బ్రేక్ 19 శాతం. లివర్ ఎక్కువ దూరం వస్తుందని ముందు రోజు కేబుల్ బిగించా, లివర్ గట్టిగా అయింది, నేను సంబరపడ్డా. అదే తప్పు. వరస ఎప్పుడూ చక్రం దగ్గర మొదలవ్వాలి. డ్రమ్ములు తీసి దుమ్ము తుడవండి, ఊదొద్దు, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి తడి గుడ్డతో, మాస్కు పెట్టుకుని. వీల్ సిలిండర్ రబ్బరు అంచు మెల్లగా ఎత్తి చూడండి, తడిగా ఉంటే కిట్టు కాదు, కొత్త సిలిండరే వేసేయండి, నా అనుభవంలో కిట్టు వేసి మిగిల్చుకున్న డబ్బు మళ్ళీ డ్రమ్ము విప్పడానికే సరిపోయింది. లైనర్ మీద ఆయిల్ పడితే కడిగినా లాభం లేదు.

తర్వాత అడ్జస్టర్. మైనర్‌లో ముందు చక్రానికి రెండేసి, వెనక చక్రానికి ఒక్కోటి. డ్రమ్ములో బొక్క ఉంటుంది, డ్రమ్ము తిప్పుతూ ఆ బొక్కలోంచి అడ్జస్టర్ గాడి కనపడే దాకా తెచ్చి స్క్రూడ్రైవర్ పెట్టి చక్రం పట్టేసే దాకా బిగించండి, తర్వాత ఒక్క క్లిక్ వెనక్కి. చక్రం తిప్పితే సర్ సర్ మని లైట్‌గా రాసుకోవాలి. బ్రేక్ పెడల్ రెండుసార్లు తొక్కి మళ్ళీ చూడండి, లైనర్లు సర్దుకుని ఇంకో క్లిక్ దొరుకుతుంది, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఇదంతా అయ్యాకే లోపల లివర్ మొదట్లో ఉన్న రెండు నట్లు ముట్టుకోవాలి, రెండు కేబుళ్ళు కాబట్టి రెండూ సమానంగా. ఆ తర్వాతి ఏడాది నాకు 31 శాతం వచ్చింది, కొత్తగా ఏం వేయలేదు, వరస మార్చానంతే.

మాస్టర్ సిలిండర్ ఇంకో వింత, డ్రైవర్ కాళ్ళ కింద చాసీ లోపల దాక్కుని ఉంటుంది, కార్పెట్ ఎత్తి ప్లేటు తీసి ఫ్లూయిడ్ చూడాలి, అందుకే ఎవరూ చూడరు. ఫ్లూయిడ్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, నిలబెట్టిన బండిలో ఆ తేమే సిలిండర్లని లోపల్నుంచి పట్టేస్తుంది. రెండేళ్ళకోసారి మార్చండి, డాట్ 4. రబ్బరు హోసులు వంచి చూడండి, పగుళ్ళుంటే తీసేయండి. ఇనుప పైపులు తుప్పు పట్టి ఉంటే రాగి-నికెల్ పైపు వేయిస్తే మీ జీవితంలో మళ్ళీ ఆ మాట వినరు.

లైట్లు, వైర్లు

బల్బు వెలగకపోతే పది సార్లలో ఎనిమిది సార్లు బల్బు బాగానే ఉంటుంది, ఎర్త్ పోతుంది. మా తాతయ్య అంబాసిడర్‌కి హెడ్‌లైటు మసకేస్తే మెకానిక్ బాబాయ్ బల్బు ముట్టుకోకుండా ముందు ఎర్త్ వైరు విప్పి బ్లేడుతో గీకేవాడు, ఇక్కడా అదే మందు. ఒక బ్రేక్ లైటు వేస్తే ఇండికేటర్ కూడా చిన్నగా మిణుకుతోందా, అది ఎర్తే. ఇంకోటి, మైనర్ బ్రేక్ లైటు స్విచ్ హైడ్రాలిక్ ప్రెషర్‌తో పనిచేస్తుంది, పాతబడితే పెడల్ గట్టిగా తొక్కితే గానీ వెలగదు, టెస్టర్ మామూలుగానే తొక్కుతాడు, ఫెయిల్. గోడకి వెనక్కి పెట్టి రాత్రిపూట మెల్లగా తొక్కి గోడ మీద ఎర్ర వెలుగు ఎప్పుడొస్తుందో చూసుకోండి.

మీ బండికి లేనివాటి గురించి భయపడకండి. వెనక ఫాగ్ లైటు 1980 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకే, హజార్డ్ లైట్లు 1986 ఏప్రిల్ నుంచి. సీటు బెల్టు ముందు సీట్లకి 1965 నుంచి ఉండాలి, అంతకు ముందు బండి అయితే లేకపోయినా పర్లేదు, కానీ ఉంటే మాత్రం చూస్తాడు. హార్న్, నంబర్ ప్లేట్ లైటు చూసుకోండి, ఈ రెండే జనం మర్చిపోతారు.

మిగిలినవి గబగబా

టైరు గాడి లోతు మధ్య ముప్పాతిక వెడల్పులో 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, పాత కార్లకి అది ఎప్పుడూ ఉంటుంది, సమస్య పక్క గోడల పగుళ్ళు. అరగకుండానే ముసలివైపోతాయి. ముందు రేడియల్ వెనక క్రాస్‌ప్లై ఫెయిల్, ఒకే యాక్సిల్ మీద రెండు రకాలూ ఫెయిల్. అద్దం మీద డ్రైవర్ ఎదురుగా స్టీరింగ్ మధ్యకి సరిగా 29 సెంటీమీటర్ల పట్టీలో 10 మిల్లీమీటర్ల దెబ్బ మించకూడదు, మిగతా వైపర్ తిరిగే చోట 40. వైపర్ రబ్బర్లు ప్రతి ఏడాదీ మార్చేయండి, వాదన అనవసరం.

పొగ విషయంలో పాత పెట్రోల్ బండ్లకి దేవుడున్నాడు. 1975 ఆగస్టుకి ముందు బండి అయితే మెషీన్ పెట్టరు, కంటికి దట్టంగా పొగ కనపడకపోతే చాలు. ఆ తర్వాత 1986 జూలై దాకా బండ్లకి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 1200 పీపీఎం లోపల, 1992 జూలై దాకా బండ్లకి 3.5 శాతం, అదే 1200. పెట్రోల్ పైపులు మాత్రం ముక్కుతో చూడండి. 2021 నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్ ఈ10 అయిపోయింది, అందులో ఇథనాల్ పాత రబ్బరుని మెత్తబరిచి పగలగొడుతుంది, లీక్ కనపడిందంటే ఇక మాటల్లేవు. ఇథనాల్‌కి తట్టుకునే ఆర్9 రకం పైపు వేసి, బంకులో సూపర్ అన్‌లెడెడ్ ఈ5 కొట్టించండి.

టెస్టు రోజు

ముందు రోజు డిక్కీ ఖాళీ చేయండి, కింద భాగం కడగండి, బురద ఉన్న బండిని టెస్టర్ పరీక్షించనని పంపేయొచ్చు, ఆ హక్కు అతనికుంది. పొద్దున్నే ఒక పది మైళ్ళు తిప్పండి, మధ్యలో బ్రేకులు బాగా వాడండి, డ్రమ్ముల్లో పేరుకున్న పల్చటి తుప్పు పోయి లైనర్లు వేడెక్కితే రోలర్ల మీద నంబర్ మారిపోద్ది. చల్లటి బండిని ట్రైలర్ మీద తీసుకెళ్ళి నేరుగా రోలర్లెక్కించడం కంటే తెలివితక్కువ పని లేదు.

అక్కడికెళ్ళాక టెస్టర్‌కి చోక్, రివర్స్ గేర్ పడే తీరు చూపించండి. ఒకే సర్క్యూట్ బ్రేకులని చెప్పండి. అంతే, తర్వాత పక్కకెళ్ళి కూర్చోండి, మీద మీద నిలబడి ప్రతిదానికీ కథ చెప్తే ఎవరికైనా చిరాకే. మా టెస్టర్ ఒకసారి బండి కింద నుంచి అడిగాడు, ఈ గ్రీజు ఎవరు కొట్టారు అని, నేనే అన్నా, ఇంకొంచెం కొడితే నా తలకి కూడా రాసుకునేవాణ్ణి అన్నాడు. ఇంగ్లీషువాళ్ళ మెచ్చుకోలు అలాగే ఉంటుంది, అర్థం చేసుకోవాలి.

ఫెయిలైతే

లోపాలు డేంజరస్, మేజర్, మైనర్ అని ఉంటాయి, ఇక్కడ మైనర్ అంటే మా బండి పేరు కాదు, చిన్న లోపం. మైనరూ అడ్వైజరీ ఉన్నా పాసే. మేజర్ ఉంటే ఫెయిల్. డేంజరస్ అని రాస్తే బండి అక్కడి నుంచి కదలకూడదు, కదిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా, పాయింట్లు కూడా పడొచ్చు. మనకి ఎంఓటీ అక్కర్లేని పాత బండి కదా అని ఇక్కడ తప్పించుకోలేరు, స్వచ్ఛందంగా చేయించినా కాగితం మీద డేంజరస్ అంటే డేంజరసే.

అదే గ్యారేజీలో వదిలి రిపేర్ చేయించి పది పనిరోజుల్లో మళ్ళీ చూపిస్తే రీటెస్టు ఫ్రీ. బయటికి తీసుకెళ్ళి బాగు చేసుకుని మర్నాడు పనివేళలోపు తెస్తే కొన్ని రకాల లోపాలకి అప్పుడూ ఫ్రీ. టెస్టర్ తప్పు చేశాడనిపిస్తే రిపేర్ చేయించకముందే వీటీ17 ఫారంతో డీవీఎస్ఏకి, అంటే ఎంఓటీలు చూసుకునే ప్రభుత్వ సంస్థకి, అప్పీలు చేయాలి, 14 పనిరోజుల్లోపు, రిపేర్ చేశాక అప్పీలు చేస్తే వాళ్ళు చూడటానికి ఏం మిగలదు. కానీ అప్పీలుకి ముందు మాన్యువల్ తెరిచి ఆ రూలు మీ బండి సంవత్సరానికి వర్తిస్తుందో లేదో టెస్టర్‌తో మర్యాదగా మాట్లాడండి, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి, మాన్యువల్ మొత్తం ఆన్‌లైన్‌లో ఫ్రీగానే ఉంది.

ఊర్లో పాత కారున్నవాళ్ళు అడుగుతారు కాబట్టి ఒక ముక్క, మన దగ్గర సొంత కారుకి ఏడాది టెస్టు లేదు, 15 ఏళ్ళకి రిజిస్ట్రేషన్ రెన్యువల్, అప్పుడే ఫిట్‌నెస్, తర్వాత ఐదేళ్ళకోసారి. 50 ఏళ్ళు దాటి ఒరిజినల్‌గా ఉంచిన బండికి 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, కానీ రోజువారీ తిప్పకూడదు. నా లెక్క ప్రకారం అదే పెద్ద శిక్ష, తిప్పని బండి ఏమవుద్దో పైన చెప్పాగా. ఇక్కడ నేను జనవరిలో కూడా ఉప్పు లేని పొడి రోజు చూసి పదిహేను మైళ్ళు తిప్పి వస్తా, హ్యాండ్ బ్రేక్ లాగి ఎప్పుడూ షెడ్డులో పెట్టను, తేమకి లైనరు డ్రమ్ముకి అతుక్కుపోతుంది, చక్రం కింద చెక్క ముక్క పెడతా.

పాసైన కాగితం తెచ్చాక అందులో అడ్వైజరీలు షెడ్డు గోడ మీద సుద్దతో రాస్తా, పని అయ్యాక తుడుస్తా. ఈ ఏడాది గోడ మీద ఒకటే ఉంది: వెనక కుడి బ్రేక్ పైపు, పైపైన తుప్పు. పైపు ఆర్డరు పెట్టా, శనివారం వాన పడకపోతే వేస్తా.